శివాలికు కొండల పులి : హ్యూ ఫాల్కనరు

హరిద్వారము వద్ద గంగానది పర్వతములను వీడి మైదానమున ప్రవేశించును. అచటినుండి పడమరగా యమునానది వఱకును, దానికి ఆవలను, హిమాలయముల పాదముల నానుకొని తక్కువ యెత్తుగల కొండల వరుస యొకటి సాగిపోవును. ఇవియే శివాలికు కొండలు. ఇవి నల్లరాతి కొండలు కావు. పూర్వకాలపు నదులు తెచ్చిపోసిన యిసుకయు, బంకమన్నును, గులకరాళ్లును పేరుకొని గట్టిపడగా నేర్పడిన కొండలు. వానకాలమున వాగులు పొంగి యీ చఱియలను కోసివేయును. అట్లు కోసిన చోట్ల అప్పుడప్పుడు రాతివలె బరువైన యెముకలు బయటపడుచుండెడివి. ఆ ప్రాంతపు పల్లెవాసులు వానిని పిడుగు ఎముకలని పిలిచెడివారు. మఱికొందఱు అవి పూర్వయుగముల రాక్షసుల యెముకలని చెప్పుకొనెడివారు. పదునాలుగవ శతాబ్దిలో ఢిల్లీ సుల్తాను ఫిరోజ్ షా తుగ్లకు కాలువ త్రవ్వించుచుండగా ఏనుగుల యెముకలును, మహాకాయులగు మనుష్యులవని తలంపబడిన యెముకలును దొరకినట్లు ఫెరిష్తా యను చరిత్రకారుడు వ్రాసియున్నాడు.

ఆ యెముకలు ఎవరివో తేలుటకు ఇంచుమించు అయిదువందల యేండ్లు పట్టెను. దానిని తేల్చినవారిలో ముఖ్యుడు స్కాట్లండు దేశమునుండి వచ్చిన యొక యువవైద్యుడు. ఆయనయే హ్యూ ఫాల్కనరు.

ఫాల్కనరు 1808వ సంవత్సరము ఫిబ్రవరి 29వ తేదీన ఉత్తర స్కాట్లండులోని ఫారెస్ అను చిన్న పట్టణమున జన్మించెను. ఆ తేదీ నాలుగేండ్ల కొక మాఱుగాని రాదు. స్వగ్రామపు పాఠశాలలో చదువు ముగించి, ఆబర్డీను విశ్వవిద్యాలయమున 1826లో ఎం. ఏ. పట్టమును, ఎడింబరో విశ్వవిద్యాలయమున 1829లో వైద్యపట్టమును పొందెను. చిన్ననాటినుండియు ఆయనకు మొక్కలపై మక్కువ యెక్కువ. ఆ కాలమున మొక్కలపై ప్రీతిగల నిఱుపేద స్కాట్లండు యువకునకు ఈస్టిండియా కంపెనీ కొలువు దూరదేశములు చూచుటకు మంచి మార్గము. ఫాల్కనరు కంపెనీవారి వైద్యశాఖలో చేరగోరెను. కాని యిరువదిరెండేండ్లు నిండనివారిని కంపెనీవారు చేర్చుకొనెడివారు కారు. ఆయనకు ఇంకను కొన్ని నెలలు తక్కువగా నుండెను.

ఆ నెలలను ఆయన వృథాగా గడపలేదు. లండను నగరమున వాలిచ్ అను వృక్షశాస్త్రజ్ఞుడు భారతదేశమునుండి తెచ్చిన యెండుమొక్కలను వర్గములుగా విభజించుచుండెను. ఫాల్కనరు ఆయనకు సహాయుడుగా నుండెను. భూగర్భశాస్త్ర సంఘమువారి మ్యూజియమున లాన్స్‌డేల్ అను పండితునికడ శిలలను గూర్చియు, శిలాజములను గూర్చియు నేర్చుకొనెను. బర్మాదేశపు ఐరావతీ నదీతీరమునుండి వచ్చిన శిలాజములను ఆయన మొదట చూచినది అచటనే. వయస్సు చాలకపోవుటచే కలిగిన యీ విరామమే ఆయన జీవితమునకు త్రోవ చూపెను. వైద్యుడుగా ఓడయెక్కిన యా యువకునకు మొక్కలు, ఎముకలు అను రెండు విద్యలు తోడుగా వచ్చెను.

1830 సెప్టెంబరులో ఫాల్కనరు కలకత్తా చేరెను. మఱుసటి యేట ఆయనను మీరటునకు పంపిరి. ఉద్యోగరీత్యా ప్రయాణము చేయుచు ఆయన సహారన్‌పూరున ఆగెను. అచట కంపెనీవారి వృక్షోద్యానము కలదు. దాని యధికారియైన రాయిల్ యీ యువవైద్యుని పాండిత్యమును గుర్తించి, ఆయనను తనకు సహాయునిగా నియమింపజేసెను. 1832లో రాయిల్ స్వదేశమునకు మఱలగా ఆ యుద్యానము ఫాల్కనరు చేతికి వచ్చెను. అప్పటి కాయనకు వయస్సు ఇరువదినాలుగేండ్లు. తోటకు ఉత్తరమున కొన్ని క్రోసుల దూరములోనే శివాలికు కొండలు కనుచూపుమేర నీలముగా నిలిచియుండెను.

ఆ ప్రాంతమున యమునానది తూర్పుకాలువ పనులను చూచుచుండిన ఇంజనీరు ప్రోబీ కాట్లీ. తరువాతి కాలమున గంగా కాలువను నిర్మించి ప్రఖ్యాతి గాంచినవాడు ఈయనయే. కాట్లీ ఫాల్కనరు కంటె ఆఱేండ్లు పెద్ద. ఒకరు మొక్కలకొఱకు కొండలెక్కువారు, మఱియొకరు రాళ్లకొఱకును, నీళ్లకొఱకును కొండలెక్కువారు. ఇద్దఱికిని స్నేహము కలిసెను. శివాలికు కొండల పొరలను పరిశీలించి ఫాల్కనరు అవి మిక్కిలి ప్రాచీనములు కావనియు, పాలిచ్చు జంతువులు భూమిపై విస్తరించిన యుగమునకు చెందినవనియు ఊహించెను. అట్లయిన వానిలో జంతువుల యెముకలు దొరకవలయును. మొదట కొన్ని తునకలు మాత్రమే దొరకెను. తాబేటి చిప్పల ముక్కలు కొన్ని, పండ్లు కొన్ని. బేకరు, డ్యూరాండు అను మఱి యిద్దఱు ఇంజనీర్లు కూడ వెదకసాగిరి.

1834 నవంబరులో ఫాల్కనరు నాహను సంస్థానమునకు పోయెను. రాక్షసుల యెముకలను వెదకుచు దొర యొకడు వచ్చెనని విని అచటి రాజు ఆయనకు ఒక పెద్ద శిలాదంతమును బహూకరించెను. అది యేనుగుజాతి మృగపు దంతము. దానిని చూడగనే ఫాల్కనరు అది దొరకిన చోటును విచారించి, వెంటనే అచటికి బయలుదేరెను. అచట చఱియనిండ యెముకలే. మొదటి ఆఱు గంటలలోనే మూడువందలకు పైగా శిలాజములను ఆయన ఏఱించెను.

ఆనాటినుండి సహారన్‌పూరు తోటలో బస్తాలకొలది ఎముకలు చేరసాగెను. కూలీలు కొండలలో త్రవ్వి, వాగులలో ఏఱి, ఒంటెలమీదను, బండ్లమీదను, తలలమీదను మోసికొని వచ్చెడివారు. ఆ శ్రమజీవులలో ఎక్కువమంది పేర్లు గ్రంథములకు ఎక్కలేదు. పిడుగు ఎముకలు ఎక్కడ దొరకునో మొదట నెఱిగినవారు వారే.

ఎముకలు వచ్చెను. కాని యవి యే జంతువులవి? ఇచటనే గొప్ప చిక్కు కలిగెను. ఐరోపాలో నొక పండితునకు ఎముక దొరకిన, ఆయన దానిని చేతబట్టి మ్యూజియమునకు పోవును. అచట లోకములోని సమస్త జంతువుల అస్థిపంజరములును వరుసగా నిలిచియుండును. పుస్తకములు అలమరలనిండ నుండును. సహారన్‌పూరున నవి యేవియు లేవు. లండనుకు ఉత్తరము వ్రాసిన ప్రత్యుత్తరము వచ్చుటకు నెలలు పట్టెడిది. ఫాల్కనరు, కాట్లీలు కూర్చుండి విచారపడలేదు. చుట్టునున్న యడవియే తమ మ్యూజియమని వారు నిశ్చయించిరి. పులి, ఎలుగుగొడ్డు, దుప్పి, అడవిదున్న, మొసలి, తాబేలు మొదలగు జంతువులను వేటాడియు, చచ్చినవానిని తెప్పించియు, వాని యెముకలను శుభ్రపఱచి తమకు తామే యొక సంగ్రహమును కూర్చుకొనిరి. బ్రతికియున్న జంతువు ఎముకను ఒక ప్రక్కను, రాతి యెముకను మఱియొక ప్రక్కను పెట్టి, ఒక్కొక్క గుంటను, ఒక్కొక్క గట్టును, ఒక్కొక్క పంటిని సరిచూచిరి. పుస్తకము నేర్పనిదానిని ఆ యెముకలే వారికి నేర్పెను.

ఆ రాళ్లలో నొకటి పెద్దపులి పుర్రె వంటిది. ఎముకచుట్టు ఇసుకరాయి పెంకువలె అంటియుండగా ఉలితో మెల్లమెల్లగా తొలగింపవలసియుండెను. చేయి తొందరపడిన పన్ను విఱుగును. రాయి తొలగినకొలది ఆ పుర్రె స్వరూపము తెలియవచ్చెను. ముఖభాగము పొట్టి. నోట నమలు పండ్లు తక్కువ. ఉన్నవి నమలుటకు కాక కత్తెరవలె మాంసమును కోయుట కేర్పడినవి. ఇది పిల్లిజాతి మృగమనుటకు సందేహము లేదు. పరిమాణమును చూచిన పెద్దపులి గుర్తునకు వచ్చును. దానిని పెద్దపులి యని వ్రాసి పెట్టెలో దాచినను ఆనాడు ఆక్షేపించువారు లేకుండిరి.

కాని ఫాల్కనరు అడవిపులి పుర్రెను తెచ్చి దాని ప్రక్కన నుంచెను. పులి పుర్రెపై నడినెత్తిన, ముందునుండి వెనుకకు, గోడవలె లేచిన యెముక గట్టు ఒకటి యుండును. క్రింది దవడను పైకి లాగు బలమైన కండరములు పుర్రె ప్రక్కలనుండి వచ్చి యీ గట్టును పట్టుకొనియుండును. గట్టు ఎంత యెత్తుగా నున్న కండరములకు అంత చోటు. శివాలికు పుర్రెకు ఈ గట్టు మిక్కిలి యున్నతముగా నుండెను. మఱికొన్ని తావులందును అది నేటి పులితో సరిపోలలేదు. ఇది పులివంటిదే, కాని మన పులి కాదు. నేడు భూమిపై నెక్కడను లేని పులి.

1836లో ఏషియాటిక్ సొసైటీవారి సంపుటమున ఫాల్కనరు, కాట్లీలు ఈ నూతన శిలాశార్దూలమును లోకమునకు తెలిపిరి. దానికి ఫెలిస్ క్రిస్టాటా యని పేరిడిరి. లాటిను భాషలో క్రిస్టా యనగా కోడి తలపైని జుట్టువంటిది. తెలుగున చెప్పవలెనన్న శిఖాశార్దూలము అనవచ్చును. పిల్లికుటుంబమున దానికి సరియైన స్థానమేది, పులికి దగ్గఱయా, సింహమునకు దగ్గఱయా యని తరువాతి పండితులు వాదించుకొనుచునే వచ్చిరి. దాని చర్మముపై చారలుండెనో, మచ్చలుండెనో ఎముక చెప్పజాలదు. ఎముక చెప్పగలిగినంతవఱకే ఫాల్కనరు వ్రాసెను. అంతకు మించి యొక్క మాటయు కల్పింపలేదు.

ఒక్క పుర్రెకై యింత పాటు దేనికని తోచవచ్చును. కొండలో దొరకినది నేటి పులియే యైనచో కథ అంతటితో ముగియును. అది వేఱొక పులి యైనచో, నేటి లోకమునకు ముందు ఇదే నేలపై మఱియొక లోకము ఉండెనని చెప్పవలసివచ్చును. మిగిలిన యెముకలును ఆ మాటనే చెప్పుచుండెను. నేడు ఆఫ్రికాలో తప్ప కానరాని నీటిగుఱ్ఱము ఆ రాళ్లలో నుండెను. ఒంటె యుండెను. నిప్పుకోడి యుండెను. పలువిధములైన యేనుగులు, పెద్ద తాబేలు, కోతి కూడ నుండెను. జిరాఫీకి చుట్టమై, నాలుగు కొమ్ములు గలిగి, ఏనుగంత దేహముతో నొప్పిన యొక మృగమునకు వారు శివుని పేరు చేర్చి శివథీరియము అని నామకరణము చేసిరి. ఏనుగులలో నొకదానికి గణేశుని పేరు పెట్టిరి. ఆశ్చర్యమేమన, వీనితో కలిసియే నేటి గంగానదిలో ఈదుచున్న ఘరియాలు మొసలిని పోలిన యెముకలును దొరకెను. కొన్ని జంతువులు నశించెను, కొన్ని నిలిచెను. ఎందులకు? ఆ ప్రశ్న ఫాల్కనరు మనస్సును జీవితాంతము వీడలేదు.

ఈ పరిశోధనలకు గాను లండను భూగర్భశాస్త్ర సంఘమువారు 1837లో తమ అత్యున్నత బహుమానమగు వొలాస్టన్ పతకమును ఫాల్కనరు, కాట్లీల కిరువురకును ఒసగిరి. అప్పటికి ఫాల్కనరునకు ముప్పది యేండ్లు కూడ నిండలేదు.

ఆయన యుద్యోగము మాత్రము మొక్కలదే. హిమాలయపు చఱియలలో తేయాకు పండునని ఆయన నివేదించెను. ఆయన పర్యవేక్షణలోనే చీనాదేశపు తేయాకు మొక్కలు అచట నాటబడెను. 1837లో ఆయన పెషావరు మీదుగా కాశ్మీరమునకు పోయి, శీతకాలము అచట గడపి, మఱుసటి యేట బాల్టిస్తానపు హిమానీనదములవఱకు తిరిగెను. ఆ ప్రయాణమున ఆస్తోరు లోయలో ఇంగువ నిచ్చు మొక్కను చూచి వర్ణించెను. మన యౌషధములలో వాడు చెంగల్వకోష్ఠు ఏ మొక్క వేరో నిర్ణయించినవాడును ఆయనయే. నిత్యము మన వంటయింట నుండు ఇంగువ యెట్టి చెట్టునుండి వచ్చునో ఐరోపా పండితులకు అంతవఱకు స్పష్టముగా తెలియదు.

మంచులోను, మన్యపు జ్వరములలోను తిరిగిన దేహము తుదకు చెడెను. 1842లో వ్యాధిగ్రస్తుడై ఆయన సెలవుపై స్వదేశమునకు బయలుదేరెను. ఆయన వెంట డెబ్బది పెద్ద పెట్టెల యెండుమొక్కలును, నలువదియెనిమిది పెట్టెల శిలాజములును ఓడ యెక్కెను. ఆ యెముకల బరువు అయిదు టన్నులు. అంతకు ముందే కాట్లీ తన సంగ్రహమును రెండువందలకు పైబడిన పెట్టెలలో బ్రిటిషు మ్యూజియమునకు పంపివేసియుండెను. ఈ విధముగా శివాలికు కొండల నిధిలో పెద్దభాగము సముద్రము దాటిపోయెను. ఆ కాలమున పాలకులు తమ రాజ్యమున దొరకినదానిని తమదిగానే యెంచిరి. శిఖాశార్దూలపు పుర్రెయు లండను చేరి అచటనే నిలిచిపోయెను.

లండనులో ప్రభుత్వము ఈ శిలాజములను శుభ్రపఱచి మ్యూజియమున నమర్చుటకు ధనమిచ్చెను. ఫాల్కనరు వానినన్నిటిని వర్ణించు మహాగ్రంథమునకు పూనుకొనెను. దాని పేరు ఫౌనా ఆంటిక్వా శివాలెన్సిస్, అనగా శివాలికు ప్రాచీన జంతుజాలము. ఫోర్డు అను చిత్రకారుడు ఒక్కొక్క యెముకను అద్దములో చూచినట్లు చిత్రించెను. 1849 నాటికి తొమ్మిది భాగములు వెలువడెను. వానిలో నూటయేడు చిత్రఫలకములు కలవు. చిత్రములకు తగిన వివరణము మాత్రము ఏనుగుల విషయమై కొంత వెలువడి, అంతటితో ఆగిపోయెను.

ఫాల్కనరు స్వభావమున నున్న దోషము ఇచటనే బయటపడినది. ఆయన జ్ఞాపకశక్తి అసాధారణము. ఏ యెముకను ఎక్కడ చూచెనో, దాని కొలతలేవో, పుస్తకము విప్పకయే చెప్పగలిగెడివాడు. ఒక్క విషయమును వ్రాయుటకు ముందు దానికి సంబంధించిన ప్రతి వస్తువును తన కన్నులతో చూడవలెనను పట్టుదల ఆయనకు మెండు. కావున ఒక్క దంతమును చూచుటకు దేశములు దాటి పోయెడివాడు. చూచినది నోటుపుస్తకములలో నెక్కించెడివాడు. ప్రకటించుటకు మాత్రము ఇంకను సమయము కాలేదనెడివాడు. సహారన్‌పూరులో పుస్తకములు లేని కాలమున ఏ జాగ్రత్త ఆయనను నిలబెట్టెనో, ఆ జాగ్రత్తయే లండనులో ఆయన చేతికి సంకెలయ్యెను. ఆయన తలలో నున్న జ్ఞానము కాగితముపైకి వచ్చునా, రాకయే పోవునా యని మిత్రులు కలవరపడుచుండిరి.

సెలవు ముగిసెను. గ్రంథము ముగియలేదు. 1848లో ఆయన మఱల కలకత్తా వచ్చి, వృక్షోద్యానమునకు అధికారియు, వైద్యకళాశాలలో వృక్షశాస్త్రాచార్యుడును ఆయెను. టెనసరిమ్ ప్రాంతమున టేకు అడవులను విచక్షణ లేక నఱకుచున్న సంగతిని పరిశీలించి నివేదిక వ్రాసెను. మలేరియా జ్వరమునకు మందగు క్వినైను నిచ్చు సింకోనా చెట్లను భారతదేశమున నాటవలెనని సలహా యిచ్చెను. 1855లో ఉద్యోగమును విరమించి తిరిగిపోయెను.

మిగిలిన పదియేండ్లును ఆయన ఐరోపాలోని గుహలయందును, మ్యూజియములయందును గడపెను. అప్పటి పండితులలో పెక్కుమంది మనుష్యుడు భూమిపై కొన్ని వేల యేండ్ల క్రిందటనే వెలసెననియు, నశించిన మృగములను మనుష్యుడు చూచియుండడనియు నమ్ముచుండిరి. 1858లో ఇంగ్లండునకు దక్షిణమున బ్రిక్స్‌హామ్ వద్ద ఎవరును త్రవ్వని గుహ యొకటి బయలుపడెను. ఫాల్కనరు పండితసంఘములను ప్రేరేపించి, దానిని పొరవెంట పొరగా, ఏ వస్తువు ఏ లోతున దొరకెనో గుర్తించుచు త్రవ్వునట్లు ఏర్పాటు చేయించెను. పెంగెల్లీ యను ఉపాధ్యాయుడు ఆ పనిని నడపెను. సున్నపురాయి నీటిచుక్కలుగా కారి గట్టిపడిన పలక క్రింద, పెద్ద రోమములుగల మామత్ ఏనుగు, ఖడ్గమృగము, గుహాసింహము మున్నగువాని యెముకలతోపాటు మనుష్యుడు చెక్కిన చెకుముకిరాతి పనిముట్లు దొరకెను.

ఆ యేడు నవంబరులో సిసిలీద్వీపమునకు పోవుచు ఫాల్కనరు ఫ్రాన్సుదేశమున ఆబెవిల్ పట్టణమున దిగెను. అచట బూషే ద పెర్త్ అను వృద్ధుడు పూర్వమానవుల రాతి పనిముట్లను ఏండ్ల తరబడి ప్రోగుచేయుచుండెను. పండితులు ఆయన మాటను లెక్కచేయలేదు. ఫాల్కనరు ఆ రాళ్లను స్వయముగా చూచెను. చూచినపిదప నమ్మెను. వెంటనే భూగర్భశాస్త్రజ్ఞుడగు ప్రెస్ట్‌విచ్‌నకు వచ్చి చూడుమని ఉత్తరము వ్రాసెను. 1859లో ప్రెస్ట్‌విచ్చును, ఆయన మిత్రుడు ఇవాన్సును పోయి చూచి ఆ వృద్ధుని మాట సత్యమని చాటిరి. మనుష్యుని ప్రాచీనతను లోకము అంగీకరించుట ఆ యేటనే ఆరంభమయ్యెను. ఇట్టి గుహలు మన దేశమునను కలవు. కర్నూలు మండలములోని బిళ్లసర్గము గుహలను 1884లో రాబర్టు బ్రూసు ఫుటు త్రవ్వించెను. అచట దొరకిన యెముకలలో పులివియు కలవు.

ఆబెవిల్ కథకు చేదుకొస కూడ నొకటి కలదు. 1863లో ఆ పట్టణపు మూలాఁ కీన్యో అను గోతిలో మనుష్యుని దవడయెముక దొరకెనని వార్త వచ్చెను. ఫాల్కనరు పోయి చూచి మొదట అది ప్రాచీనమని తలచెను. ఇంటికి తిరిగివచ్చి, తెచ్చిన పంటిని కోసి పరీక్షింపగా అది క్రొత్తదని తోచెను. వెంటనే తన పూర్వాభిప్రాయము పొరపాటని పత్రికాముఖమున ప్రకటించెను. ఫ్రెంచి పండితులు నొచ్చుకొనిరి. పెద్ద సభ జరిగెను, వాదములు చెలరేగెను. ఆ దవడ కూలీలు బహుమానమున కాసపడి గోతిలో దాచినదని పిమ్మట స్థిరపడెను. దేనిని వ్రాయుటకును ఏండ్ల తరబడి వెనుకాడు మనుష్యుడు, తాను తప్పినానని చెప్పుటకు మాత్రము వారములు కూడ ఆలసింపలేదు.

జీవజాతులు కాలక్రమమున మాఱునని 1859లో డార్విను గ్రంథము వ్రాసినప్పుడు ఫాల్కనరు సంశయించెను. ఆయన మాల్టాలోని మఱుగుజ్జు ఏనుగునుండి మామత్ వఱకు ఎన్నియో యేనుగుల దంతములను పరీక్షించియుండెను. లక్షల యేండ్లపాటు ఒక దంతము మాఱక నిలుచుట ఆయనకు వింతగా తోచెడిది. అయినను పూర్వపు జాతులనుండియే నేటి యేనుగులు వచ్చెనని తుదకు అంగీకరించెను. మార్పునకు డార్విను చెప్పిన కారణము మాత్రము చాలదని ఆయన తలంపు. అభిప్రాయభేదము స్నేహమునకు అడ్డు కాలేదు. 1864లో రాయల్ సొసైటీవారి కాప్లే పతకము డార్వినునకే యీయదగునని ప్రయాణమధ్యమునుండి దీర్ఘమైన ఉత్తరము వ్రాసి పంపెను. డార్వినునకే ఆ పతకము లభించెను.

ఆ ప్రయాణము జిబ్రాల్టరు గుహలకు చేసినది. అప్పుడు తగిలిన యలసటనుండి ఆయన తేరుకొనలేదు. 1865 జనవరి 31వ తేదీన, యేబదియేడవ యేడు నిండకమునుపే, లండనులో కీళ్లవాత జ్వరముచే మరణించెను. ఆయన వివాహము చేసికొనలేదు. శివాలికు గ్రంథము సగముననే యుండెను. బల్లపై నోటుపుస్తకములు గుట్టలుగా మిగిలెను.

మిత్రుడగు చార్లెస్ మర్చిసన్ అను వైద్యుడు ఆ నోటుపుస్తకములను, ఉత్తరములను, చిత్రములపై వ్రాసియుంచిన గుర్తులను కూర్చి 1868లో రెండు సంపుటములుగా ప్రకటించెను. ఆయన తలలోనున్నది అందు కొంతయే యుండెను. ఫ్రెంచి పండితుడు పొమెల్ 1853లోనే శివాలికు కొండలలోని కత్తికోరల మృగమునకు ఫాల్కనరు పేరు పెట్టియుండెను. 1867లో ఒక మఱుగుజ్జు ఏనుగునకును ఆయన పేరే వచ్చెను. 1871లో ఫారెస్ పట్టణమున ఫాల్కనరు మ్యూజియము వెలసెను.

నాహనురాజు శిలాదంతము నిచ్చిన సీమలో, సాకేతీ యను చోట, 1974లో భారత భూగర్భ పరిశోధన శాఖవారు శిలాజవనమును నెలకొల్పిరి. గణేశుని పేరుగల యేనుగు, శివథీరియము, పెద్ద తాబేలు, కత్తికోరల పులి అచట నిలువెత్తు బొమ్మలుగా నిలిచినవి. బొమ్మల వెనుకనున్న చఱియలను వానకాలపు వాగులు ఇంకను కోయుచునే యున్నవి. అప్పుడప్పుడు రాతివలె బరువైన యెముకలు బయటపడుచునే యున్నవి.